ఎరవు పనిముట్లు

కుమ్మరికి సారె తనది. సాలెకు మగ్గము తనది. కమ్మరి కొలిమిని రాత్రికి రాత్రి ఎవ్వడును వచ్చి మార్చిపోడు. మగ్గము మొరాయించినచో సాలె తానే విప్పి చూచుకొనును. తనవలన కానినాడు ఊరి వడ్రంగిని పిలుచును. తరతరములుగా మన వృత్తులన్నియు ఈ నమ్మకము మీదనే నడచినవి. మన రెండు రాష్ట్రముల యువజనులు లక్షలకొలదిగా ప్రవేశించిన క్రొత్త వృత్తిలో ఈ నమ్మకమునకు తావు లేదు. సాఫ్ట్‌వేరు వ్రాయు మన బిడ్డ ప్రొద్దున కంప్యూటరు తెఱచునప్పటికి నిన్నటి పనిముట్టు నిన్నటి చోట నుండునని చెప్పజాలడు. మీట యొకటి చోటు మారియుండును. నిన్న చెల్లిన ఆజ్ఞ నేడు చెల్లదని ఎఱ్ఱని అక్షరములలో వ్రాసియుండును. పాసువర్డు గడువు తీరియుండును. క్రొత్తది పెట్టబోయిన ఓటీపీ రాదు. వచ్చిన ఓటీపీకి కాలము చెల్లియుండును. ఇవన్నియు దాటి పనికి పూనుకొనబోవునంతలో యంత్రము అప్‌డేటు నెపమున అరగంట సేపు మూగనోము పట్టును. పదిగంటలకు మీటింగులో పైవాడు "నిన్న ఏమి చేసితివి?" అని యడుగును. దానికి బదులు చెప్పుట యెట్లు?

ఈ మాటలు చదివి కొందఱు నవ్వుదురని మే మెఱుగుదుము. నెలకు లక్షలు, చల్లని గదులు, శనివారము సెలవు, వీరికిని కష్టములా యని వారి ప్రశ్న. ఎండలో మాడు రైతు ఎదుట ఈ మొఱ పెట్టుట సిగ్గుచేటనువారును కలరు. రైతు కష్టము గొప్పది. దానిని తూచుటకు మఱియొకరి కష్టమును తక్కెడలో వేయనక్కఱలేదు. పైగా ఆ రైతు బిడ్డయే కదా నేడు ఆ చల్లని గదిలో కూర్చున్నవాడు! గుంటూరు సీమలో మిరప అమ్మి, కరీంనగరు సీమలో వరి అమ్మి, చాలనినాడు ఎకరమో అరయెకరమో తాకట్టు పెట్టి ఇంజనీరింగు ఫీజులు కట్టిన యిండ్లు లెక్కకు మిక్కిలి. 1998లో హైదరాబాదున సైబరు టవర్సు తలుపులు తెఱచిననాటినుండి మన మధ్యతరగతి ఆశలన్నియు ఆ దిక్కునకే తిరిగినవి. కావున ఆ వృత్తిలో కీలు ఎక్కడ వదులైనదో విచారించుట లక్షల కుటుంబముల పొయ్యిని గూర్చి విచారించుటయే యగును.

నిత్యము నేర్చుకొనవలసిన వృత్తులు వేఱెన్నియో కలవు. వైద్యుడు క్రొత్త మందులను గూర్చి చదువవలెను. న్యాయవాది క్రొత్త తీర్పులను చదువవలెను. అయినను గుండె యెడమనుండి కుడికి మార్చబడినదని వైద్యునకు ఏ సంవత్సరమును ప్రకటన రాదు. సాఫ్ట్‌వేరు పనివానికి ఇంచుమించు అట్టి ప్రకటనలే వచ్చుచుండును. గూగులు సంస్థ 2010లో యాంగులర్‌జేయస్ అను పనిముట్టును లోకమునకు ఇచ్చెను. వెబ్ పుటల నిర్మాణమునకు అది మిక్కిలి యనుకూలముగా నున్నందున మనవారు వేలకొలదిగా నేర్చిరి. అమీరుపేటలో దానికై తరగతులు వెలసెను. 2016లో దాని రెండవ కూర్పు వెలువడగా చూచిన, పేరు తప్ప తక్కినదంతయు మారియుండెను. పాతదానిలో వ్రాసినది క్రొత్తదానిలో నడవదు. 2021 డిసెంబరు తుదితో పాతదానికి మరమ్మతులును నిలిచిపోయెను. ఆఱేడేండ్లు శ్రమపడి గడించిన నేర్పు ఇట్లు చెల్లని నాణెమైనప్పుడు, ఆ నష్టమునకు ఏ ఖాతాలోను పద్దు లేదు.

మార్పు లన్నియు చెడ్డవని మా వాదము కాదు. పైథాను అను భాష సంగతి చూడుడు. 2008లో వచ్చిన దాని మూడవ కూర్పు రెండవదానితో పొసగలేదు. పాత గ్రంథములన్నియు తిరుగవ్రాయవలసి వచ్చెను. ప్రపంచమంతట పనివాండ్రు తిట్టుకొనుచు వ్రాసిరి. కాని ఆ మార్పునకు ముఖ్యకారణములలో నొకటి, రోమను అక్షరములకే కాక సకల లిపులకును సమానముగా చోటు కల్పించుట. తెలుగును పరాయిదానివలె బయట నిలుపక లోనికి రానిచ్చిన మార్పది. అంతేకాక పాత కూర్పునకు 2020 జనవరి 1 వఱకు, అనగా పదునొకండేండ్ల గడువు నిచ్చిరి. ప్రయోజనము చూపి, గడువిచ్చి, దారి చెప్పి చేసిన మార్పును ఎవ్వరును కాదనరు. కంపెనీ తన సొంత లెక్కలకొఱకు చేయు మార్పునకును దీనికిని గల భేదమును మన పనివాడు గుర్తింపనేర్వవలెను. నేడు వానికి ఆ తీరిక లేదు. వచ్చినదానినెల్ల నేర్వనిచో వెనుకబడుదునను భయమే వానిని తఱుముచున్నది.

ఈ పనిముట్ల యాజమాన్యము ఎవరిదో ఇంచుక లోతుగా చూడవలెను. 2016 మార్చిలో ఒక రచయిత, పేరు విషయమై యొక కంపెనీతో కలిగిన తగవున మనసు విఱిగి, తాను ఉచితముగా పంచిన పొత్తములన్నిటిని ఉపసంహరించుకొనెను. వానిలో లెఫ్ట్‌ప్యాడు అనునది పదునొకండు పంక్తులది. మాటకు ఎడమవైపున ఖాళీలు చేర్చుట దాని పని; అంతకన్న లేదు. అది మాయమగుటతో వేలకొలది నిర్మాణములు ఆగిపోయెను. పెద్దపెద్ద కంపెనీల భవనములు ఈ పుడకమీద నిలిచియుండెనని అప్పుడు లోకమునకు తెలిసెను. 2024 మార్చిలో మఱియొక వింత జరిగెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నతడు తన యంత్రములో ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుట గమనించి, ఏలయని త్రవ్విచూడగా, ఎక్స్‌జెడ్ అను పనిముట్టులో ఎవరో దొంగదారి అమర్చియుండిరి. దానిని ఏండ్లతరబడి ఒంటరిగా, ప్రతిఫలము లేకయే సాకుచున్న మనుష్యుడు అలసియుండగా, సహాయకుని వేషమున ప్రవేశించినవాడు రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి చేసిన పని యది. ఆ అరసెకను ఆలస్యమును ఉపేక్షించియుండినచో ఏమి కానున్నదో యూహింపుడు!

ఇవి దూరపు సంగతులని త్రోసివేయుటకు వీలులేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయికు సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటు వలన ప్రపంచమున 85 లక్షల కంప్యూటర్లు నీలిముఖములు వేసెను. ఆనాడు మన శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగు పాసులు ఇచ్చిరి. 2025 జూలైలో నయారా ఎనర్జీ అను భారతీయ చమురు సంస్థకు, యూరపు వారి ఆంక్షలను కారణముగా చూపి, మైక్రోసాఫ్టు తన సేవలను నిలిపివేసెను. సంస్థ మన దేశమున నున్నది, శుద్ధికేంద్రము గుజరాతున నున్నది, రుసుము చెల్లింపబడినది, ఉత్తరముల పెట్టె మాత్రము మూతపడినది. ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టిన పిమ్మట కొలదిదినములకు సేవలు మఱల వచ్చెను. ఆ యాంక్షల తప్పొప్పుల జోలికి మేము పోవుటలేదు. మన గడపలోని యంత్రము పనిచేయవలెనా వద్దా యనునది సముద్రముల కావల నిర్ణయింపబడుచున్న దనుటకు ఇంతకన్న తార్కాణ మేమి కావలెను? అరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలన్నది నగలను గూర్చి. ఈ పనిముట్లు సొంత డబ్బిచ్చి తెచ్చుకొనినను అరువు సొమ్ములే.

విదేశీవస్త్రముల వలె కంప్యూటర్లను కుప్పవేసి కాల్చుడని చెప్పు వెఱ్ఱివారము కాము. లైనక్సు వంటివి సర్వజనుల సొత్తుగా నున్నవి. 1991లో ఒక విద్యార్థి ప్రారంభించిన ఆ పని నేడు లోకమునందలి పెద్ద యంత్రశాలలలో పెక్కింటిని నడపుచున్నది. అట్టి వానిని విప్పిచూచుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు. మనవారు వానిని వాడుకొనుటలో ముందున్నారు. సాకుటలో ఇంకను వెనుకనే యున్నారు. బావినీరు త్రాగువారందఱును ఏడాదికొకమాఱైనను పూడిక తీయవలెనని పల్లెలలో నుండిన కట్టుబాటు ఈ నగరవృత్తికి రాలేదు.

ఇక భాషాసంగతి. మా దృష్టిలో నిదియే అన్నిటికన్న ముఖ్యమైనది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులను ఒక తెలుగు అక్షరము కూల్చెను. ఆ యక్షరము "జ్ఞా". జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని యొక గుర్తు, ఆపైన దీర్ఘము - ఈ క్రమమున అవి చేరి సందేశములో వచ్చినచో, దానిని గీయలేక ఆ యంత్రము చతికిలబడుచుండెను. కొలదిదినములలో ఆపిల్ సంస్థ దోషమును దిద్దెను. లోకము రెండుదినములు నవ్వుకొని మఱచెను. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమే యంత్రమునకు మింగుడుపడకుండుట హాస్యముగానే యున్నది. కాని 2011 జనగణన ప్రకారము ఈ దేశమున 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష తెలుగు. ఇంతమంది లిపిని ఆ సంస్థవారు పరీక్షించిన తీరిది! ఆంగ్లమున ఏ రెండక్షరములైన కలిసి ఫోనును కూల్చియుండినచో అది బజారునకు వచ్చియుండునా?

పరాయివారిని దూఱుట సులభము. మన వారి సంగతి యేమి? మాదాపురములో కూర్చుండి ప్రపంచమునకు దరఖాస్తు పత్రములు నిర్మించునది మన బిడ్డలే. ఆ పత్రములో ముందు వ్యక్తిపేరు, పిదప ఇంటిపేరు అడుగబడును. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. తఱచుగా ఇంటిపేరు ఒక్క పొడియక్షరముగా నుండును. కనీసము రెండక్షరములుండవలెనని ఆ గడి నిరాకరించును. అమెరికా చేరిన మన యువకుని తోటివారు ఇంటిపేరుతో పిలుచుచుందురు. వానికి తన్నుగాక తన తాతను పిలిచినట్లుండును. బ్యాంకులో ఒక తీరు, పాసుపోర్టులో ఒక తీరు, ఆధారులో ఒక తీరుగా నమోదైన పేరును సరిచేయించుకొనుటకు తిరిగి తిరిగి చెప్పులరిగినవారిని ప్రతి వీథిలోను చూడవచ్చును. తన నాయనమ్మ పేరును స్వీకరింపని పత్రమును తన చేతులతో నిర్మించుచున్నానని ఆ తెలుగు యువకునకు తోచకుండుటయే మాకు విచారకరము. పై నుండి వచ్చిన నమూనా యట్లున్నది. అడుగుటకు వానికి తీరిక లేదు, అడిగినను వినువారు లేరు.

మఱియొక సూక్ష్మము కలదు. యూటీయఫ్-8 అను పద్ధతిలో రోమను అక్షరమునకు ఒక బైటు చాలును; తెలుగు గుర్తునకు మూడు బైట్లు కావలెను. "ఆంధ్ర" యను రెండక్షరముల మాటలో యంత్రదృష్టికి ఐదు గుర్తులుండును. అవి పదునైదు బైట్లగును. అదే మాటను రోమనులో వ్రాసిన ఆఱింటితో సరిపోవును. సెల్‌ఫోను సందేశమున ఆంగ్లమైనచో 160 అక్షరములు పట్టును; తెలుగైనచో 70 గుర్తులతో గడి నిండును. కృత్రిమ మేధా యంత్రములు మాటలను ముక్కలు చేసి, ముక్కకింత యని సుంకము గట్టును. తెలుగు వాక్యము ఆంగ్లముకన్న ఎక్కువ ముక్కలగును. అదే ప్రశ్నకు తెలుగువాడు ఎక్కువ చెల్లించును. ఈ లెక్క ద్వేషముతో వేసినది కాదు. లెక్క వేసినప్పుడు మనము బల్లచెంత లేము, అంతియే.

అట్లని మనవారెవ్వరును పాటుపడలేదనుట కృతఘ్నత. పోతన, వేమన ఖతులను నిర్మించి యుచితముగా పంచిన తిరుమల కృష్ణ దేశికాచార్యులవారి ఋణము తెలుగులో టైపుచేయు ప్రతివాని మీదను కలదు. హైదరాబాదునందలి "స్వేచ్ఛ" సంఘమువారు కంప్యూటరును తెలుగున మాటాడింప యత్నించిరి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నేటికిని జీతము గోరని చేతులే నడపుచున్నవి. ఈ పనులు చేసినవారిలో అనేకులు పగలు కంపెనీల కొలువు చేసి రాత్రులు మేలుకొనిరి. జాతికి కావలసిన పనిని ఉద్యోగుల నిద్రలోనుండి కోసియిచ్చుట ఎంతకాలము సాగును?

నిద్ర యనగా గంటల ప్రస్తావన వచ్చినది. యువకులు వారమునకు డెబ్బది గంటలు పనిచేయవలెనని 2023లో శ్రీ నారాయణమూర్తిగారు సెలవిచ్చిరి. వారు కట్టిన సంస్థను మేము గౌరవింతుము. ఆ డెబ్బదిలో నేర్చుకొనుటకు ఎన్ని గంటలో మాత్రము ఎవ్వరును చెప్పలేదు. నేటి యేర్పాటులో అవి ఆ లెక్కకు బయటివి. భార్యాబిడ్డలతో గడుపవలసిన ఆదివారము నుండి తీయవలసినవి. ఇట్లు నేర్చినను భద్రత లేదు. 2025 జూలైలో టీసీయస్ సంస్థ తన సిబ్బందిలో సుమారు రెండుశాతమును, అనగా పండ్రెండువేలమందిని తగ్గింతునని ప్రకటించినప్పుడు, వేటు ముఖ్యముగా మధ్యమ, ఉన్నత స్థానములవారి మీదనే యని చెప్పెను. నలువదేండ్ల వడ్రంగిని చేయి తిరిగినవాడని పిలుతుము. నలువదేండ్ల ప్రోగ్రామరును బరువని పిలుచుచున్నారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత తఱుము ఇంకను హెచ్చినది. యంత్రమే వ్రాయునప్పుడు మనుష్యుడేలయని యజమానులు లెక్కలు వేయుచున్నారు. 2025లో మీటర్ అను పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మందిచే 246 పనులు చేయించి చూచెను. కృత్రిమ మేధ సాయముతో చేసిన పనులకు 19 శాతము ఎక్కువ కాలము పట్టెను. ఆ పనివాండ్రు మాత్రము తమ పని 20 శాతము వేగవంతమైనదని నమ్మిరి. పదునాఱుగురు స్వల్పసంఖ్య, అవి వారికి చిరపరిచితమైన గ్రంథములు, ఆ యంత్రములును ఏడాదికేడాది మెఱుగగుచున్నవి. కావున దీనిని తుదితీర్పని చెప్పుట పాడి కాదు. వేగమును గూర్చిన మన నమ్మకమునకును గడియారమునకును ఇంత యెడముండవచ్చునని తెలిసియు, నమ్మకమునే పట్టి పనివాండ్రను తొలగించుట ఏమి వివేకము?

చదువు మాట యెత్తక తీఱదు. అమీరుపేట తరగతులను వెక్కిరించుట నేడు వాడుకయైనది; మేమా పని చేయము. కాలేజీలు నేర్పనిదానిని కొలది రుసుముతో నేర్పి బీదవాని బిడ్డను కొలువునకు చేర్చినవి అవియే. అయితే నలువదైదు దినములలో నేర్పదగినది మీటల వరుస. ఆ వరుస మారినప్పుడు నిలుచుటకు కావలసినది అడుగున నుండు శాస్త్రము. దానిని నేర్పవలసిన నాలుగేండ్ల కాలేజీ ఆ భారమును అమీరుపేటకు వదలివేసినది. మచిలీపట్టణమున 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన మహనీయులు చదువుతో చేతిపనిని జోడించిరి. చేయి తెలిసిన బుద్ధి, బుద్ధి తెలిసిన చేయి వారి కోరిక. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని విజ్ఞానచంద్రికా గ్రంథములతో నిరూపించి శతాబ్దము దాటినది. నేటికిని కంప్యూటరు మూలసూత్రములను తెలుగున వివరించు మంచి పుస్తకమునకై పల్లెటూరి విద్యార్థి వెదకుకొనవలసియున్నది.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారిని చూడుడు. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో ఒక్క చీరకు తొమ్మిదివేలసార్లు చేయి త్రిప్పవలెను. తల్లి లక్ష్మిగారి భుజముల నొప్పి చూడలేక, ఉన్నతవిద్య లేని ఆయన ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సాధించి, దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. ఆ పని నెఱిగినవాడు, ఆ నొప్పిని చూచినవాడు, తానే పనిముట్టు చేసికొనెను. సాఫ్ట్‌వేరు పనిలో ఇందఱు మనవారుండియు, మన నొప్పికి మనము చేసికొనిన ఆసు ఏది?

కావున కంపెనీలను మేము కోరునది స్వల్పము. వారమునకు ఒక పూటను, జీతముతోడి పనిగంటలలోనే, నేర్చుటకును, ఉమ్మడి పనిముట్లను సాకుటకును విడువుడు. మీరు వాడుకొను ఉచిత గ్రంథములను సాకువారికి మీ లాభములో కొంత పంపుడు. విశ్వవిద్యాలయములు, చివరి యేడాది విద్యార్థులు కొని తెచ్చు ప్రాజెక్టులకు మార్కులు వేయుట మాని, జీవించియున్న ఒక ఉమ్మడి గ్రంథములో ఒక దోషమును దిద్దివచ్చినవానికి వేయవలెను. రెండు ప్రభుత్వములును తాము టెండరు పిలుచు ప్రతి సాఫ్ట్‌వేరునందును మూడు నిబంధనలు చేర్చవలెను: తెలుగు అక్షరములన్నియు చెడక కనబడవలెను, ఇంటిపేరు ముందున్న పేరును ఉన్నదున్నట్లు స్వీకరింపవలెను, గ్రంథము ప్రభుత్వము చేతికి రావలెను. ఈ నిబంధనలు వ్రాయుటకు పైకము అక్కఱలేదు, ఒక కాగితము చాలును. రాబోవు శాసనసభా సమావేశములలో ఏ సభ్యుడైనను ఈ ప్రశ్న నడిగి, మంత్రిగారి సమాధానమును తెలుగులో రాబట్టునేమో చూతము.